పాడేవాడి చేతులు



మహాశివరాత్రి మర్నాటి అమావాస్యకి చెన్నైలో అంకాళ పరమేశ్వరి గుడి ఉన్న పేటల్లో పంబ మోగుతుంది. అమ్మవారు శ్మశానానికి కదిలే ఆ పండగని తమిళంలో మయానకొళ్ళై అంటారు. మా చూలైలోనూ ఆ తల్లికి పేరున్న గుడి ఉంది. ఓ పక్క వేపేరి, ఇంకో పక్క పులియంతోపు, కాస్త దూరంలో పెరియమేట తోళ్ళ మండీలు. ఈ ఇరుకు వీధుల్లో తెలుగువాళ్ళూ తమిళులూ ఒకే గోడకి అటూ ఇటూ కాపురముంటారు. పంబ మోతకి గోడలతో పనిలేదు.

పంబ ఒంటరి వాద్యం కాదు, జోడు. పొడుగాటి డోళ్ళు రెండు కలిపి కట్టి, నడుముకి తగిలించుకుని పుల్లలతో వాయిస్తారు. ఒకదాని ఒళ్ళు చెక్క, రెండోదానిది ఇత్తడి. అందుకే ఒకటి బొంగురుగా పలుకుతుంది, ఇంకోటి కణకణమంటుంది. ఆ రెండు గొంతుల మధ్య పుల్లలు పరుగులు పెడుతుంటే చూడ్డానికొచ్చినవాడికి కూడా ఒళ్ళు ఊగుతుంది. ఇది అరవవాళ్ళ వాయిద్యమని మా పేట తెలుగువాళ్ళు చాలామంది అనుకుంటారు. ఒక్కసారి పల్నాడు వెళ్ళొస్తే ఆ మాట అనరు.

కార్తీక అమావాస్యకి కారంపూడిలో, నాగులేటి ఒడ్డున, పల్నాటి వీరుల ఉత్సవాలు మొదలవుతాయి. అయిదు రోజులు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. పన్నెండో శతాబ్దంలో దాయాదులు చేసుకున్న యుద్ధమంతా ఈ రోజుల పేర్లలోనే ఉంది. అక్కడ కథ పాడేది వీరవిద్యవంతులు. వాళ్ళకి వెనక దన్ను పంబజోడు. ఆ వీరుల ఇలవేల్పు అంకమ్మ. చూలై అంకాళమ్మా పల్నాటి అంకమ్మా ఒకే తల్లో, అక్కచెల్లెళ్ళో పండితులు తేలుస్తారు. పిలిచే చప్పుడు మాత్రం రెండుచోట్లా ఒక్కటే.

జీన్ రోఘైర్ అనే విదేశీ పరిశోధకుడు 1970లలో పల్నాడు వచ్చి, అలిసెట్టి గాలెయ్య అనే గాయకుడి నోట ఈ కథని రికార్డు చేసుకుని, 1982లో ఇంగ్లీషులో పుస్తకం వేశాడు. ఈ కథ చెప్పే ముఖ్య గాయకుడు చేత కత్తి పట్టుకుని పాడతాడు. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నదంతా ఆ కత్తి పట్టిన చెయ్యి చుట్టూనే ఉంది.

జానపదం వినేటప్పుడు మన చెవి ముందు మాటల మీదికి పోతుంది. తర్వాత యాస మీదికి. ఇది సిక్కోలు, ఇది కరీంనగర్, ఇది కడప అని పోల్చుకుని సంబరపడతాం. అందులోనూ సుఖముంది, కాదనను. కానీ యాసని మిమిక్రీవాళ్ళు కూడా పట్టేస్తారు. ఒక ప్రాంతపు పాటకి మరో ప్రాంతపు పాటకి ఉన్న తేడా నాకు పాడేవాడి చేతుల దగ్గరే దొరికింది. ఆ చేతులు పనిలో ఉన్నాయా, వాద్యం పట్టాయా, కత్తి పట్టాయా, ఖాళీగా ఉన్నాయా అన్నదాన్ని బట్టే పాట నడక తేలుతుంది. రేడియోలో చేతులు ఎట్లా కనిపిస్తాయండీ అని మీరు అడగొచ్చు. కనిపించవు. కళ్ళు మూసుకుని వింటే వినిపిస్తాయి.

వాద్యమే లేని చేతులతో మొదలుపెడతాను. ఒకే రోట్లో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు వడ్లు దంచుతున్నారు. ఒకరి రోకలి లేస్తున్నప్పుడు ఇంకొకరిది దిగాలి. వంతు తప్పితే రోకలికి రోకలి తగులుతుంది, గింజలు చెదురుతాయి, ఎవరో ఒకరి మణికట్టు కమిలిపోతుంది. అక్కడ తాళం సంగీతానికి కాదు, దెబ్బ తగలకుండా ఉండటానికి. పాట ముక్క ఎంత పొడుగుండాలో పోటు చెబుతుంది. ఊపిరి విడిచే చోట సువ్వి అని ఓ ఊత పడుతుంది. తిరగలి దారి వేరు. దానికి పోటు లేదు, తిప్పడమే. పిడి పట్టుకున్న చెయ్యి పిండి అయ్యేదాకా ఆగదు. అందుకని తిరగలి దగ్గరా, మధ్యాహ్నపు తీరికలోనూ పొడుగాటి కథాగేయాలు ఇమిడాయి. ఊర్మిళ నిద్ర, లక్ష్మణుడి నవ్వు, సీత పడిన కష్టాలు. వెల్చేరు నారాయణరావు గారు ఈ ఆడవాళ్ళ రామాయణాల మీద రాసిన ఇంగ్లీషు వ్యాసం 1991లో ఒక సంకలనంలో వచ్చింది. యుద్ధాల కన్నా పురుళ్ళూ పుట్టిళ్ళూ అత్తింటి ఆరళ్ళూ ఆ పాటల్లో ఎక్కువ చోటు ఎందుకు తీసుకుంటాయో అది చదివితే తెలుస్తుంది.

మా వీధిలో నెల్లూరు వైపు నుంచి కాపురానికొచ్చిన ఓ ముసలావిడ ఉండేది. దంపుళ్ళ పాట పాడమని అడిగితే రెండు ముక్కలు పాడి ఆగిపోయింది.

"మర్చిపోయావా పెద్దమ్మా?" అన్నాను.

"మరుపు కాదు నాయనా. ఊరికే చేతులు ముడుచుకుని ఎట్ట పాడేది? ఏదన్నా చేతికియ్యి" అంది.

వంటింట్లోంచి పచ్చడిబండ తెచ్చి ఇచ్చాం. నేల మీద కొడుతూ పాట చివరికంటా లాగేసింది. అప్పటిదాకా ఆ ఇంట్లో ఎవరూ వినని చరణాలు కూడా బయటికొచ్చాయి. కోడలు వచ్చి "ఇన్నాళ్ళూ ఈ పాట నాకెందుకు చెప్పలేదత్తా?" అని నిష్ఠూరమాడింది. "మిక్సీ కొన్నది నువ్వే కదే!" అంది ఆవిడ.

స్కాట్లండు పడమటి దీవుల్లో ఆడవాళ్ళు నేసిన ఉన్నిబట్టని తడిపి, బల్ల చుట్టూ కూర్చుని, బల్లకేసి బాదుతూ పాడుకునేవాళ్ళు. ఆ పాటల రికార్డులున్నాయి. భాష ఒక్క ముక్క అర్థం కాదు. కానీ ఎవరు ఎత్తుకుంటున్నారో, ఎవరు అందుకుంటున్నారో, గుడ్డ ఎప్పుడు చేతులు మారుతోందో రోకటిపాట ఎరిగినవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు.

మన పాటల్ని పోగుచేసినవాళ్ళు ఈ చేతుల్ని కాగితం మీదికి ఎక్కించలేకపోయారు. అందుకు వాళ్ళని తప్పుపట్టలేం. బొబ్బిలి కథనీ, దేసింగురాజు కథనీ బ్రౌన్ దొర రాయించి దాచాడు. ఆ దేసింగు మనకి దగ్గరి చెంజి కోట రాజు. 1714లో ఆర్కాటు నవాబు సేనతో పోరాడి చనిపోతే, తమిళంలోనూ తెలుగులోనూ ఆయన కథ పాడుకున్నారు. 1871లో చార్లెస్ గోవర్ దక్షిణాది జానపద గేయాల మీద ఇంగ్లీషు పుస్తకాన్ని ఈ మద్రాసులోనే అచ్చువేయించాడు. 1874లో జె.ఎ. బాయిల్ ఇండియన్ ఆంటిక్వెరీ పత్రికలో తెలుగు వీరగాథల గురించి రాశాడు. సర్వాయి పాపడి పాట అందులో ఉంది. ఆ తర్వాత మనవాళ్ళు పూనుకున్నారు. టేకుమళ్ళ కామేశ్వరరావు, నేదునూరి గంగాధరం, హరి ఆదిశేషువు, బిరుదురాజు రామరాజు. రామరాజు గారు ఉస్మానియాలో చేసిన జానపద గేయ పరిశోధన 1958లో పుస్తకమయింది. వీళ్ళు లేకపోతే మాటలు కూడా దక్కేవి కావు. అయినా బొబ్బిలి కథని పుస్తకంలో చదివితే పాపారాయుడి కోపం సగమే అందుతుంది. మిగతా సగం గుమ్మెట దగ్గరుండిపోయింది.

గుమ్మెట అన్నాను కాబట్టి బుర్రకథ. కథకుడి ఒంటిమీద ఎంత పని ఉందో వినండి. భుజాన తంబుర. ఒక చేతి వేళ్ళు దాన్ని మీటుతుంటాయి. రెండో చేతి బొటనవేలికీ పక్కవేలికీ అందెలు, అంటే లోపల గుళ్ళున్న బోలు ఉంగరాలు. అవి ఒకదాన్నొకటి తాకుతుంటే తాళం. కాళ్ళకి గజ్జెలు. శృతీ లయా రెండూ ఒకే మనిషి మోస్తూ, ముందుకీ వెనక్కీ అడుగులేస్తూ కథ నడపాలి. గుక్క తిప్పుకునే వ్యవధి ఎక్కడిది? అటొకరూ ఇటొకరూ గుమ్మెటలు వాయించే వంతలు ఇస్తారు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. కథకుడు పాదం ముగించీ ముగించకముందే వాళ్ళు అందుకుంటారు. ఆ రెండు క్షణాల్లో ఆయన ఊపిరి తీసుకుంటాడు. మనం వంతపాట అని ముచ్చటపడేది నిజానికి ఆయన ఊపిరి.

షేక్ నాజర్ గారు (1920–1997) దీన్ని ఎక్కడికి తీసుకెళ్ళారో మీలో పెద్దవాళ్ళు కళ్ళారా చూసే ఉంటారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లు ఆయన ఊరు. జంగం కథల నుంచి వచ్చిన ఈ కళలోకి 1940లలో బెంగాల్ కరువు వచ్చింది, రైతు అప్పు వచ్చింది, దొర దౌర్జన్యం వచ్చింది. అటు నిజాం సర్కారూ ఇటు మద్రాసు సర్కారూ బుర్రకథని నిషేధించాయంటే మూడు వాద్యాల బలమెంతో ఊహించుకోవచ్చు. 1954లో అగ్గిరాముడు సినిమాలో ఆయన అల్లూరి సీతారామరాజు బుర్రకథ చెప్పారు. సినిమా కథ మరిచిపోయినవాళ్ళకి కూడా ఆ ఘట్టం గుర్తుంటుంది. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. ఒకనాడు నిషేధించిన కళకి ఢిల్లీ అట్లా దండ వేసింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన వాద్యం మాత్రం జముకు. శ్రీకాకుళం, విజయనగరం వైపు జముకులకథ చెప్పేవాళ్ళ చేతిలో ఉంటుంది. చిన్న కుంచం లాంటి పాత్రకి అడుగున తోలు బిగించి, తోలు నడిమి నుంచి నరం లాగి, రెండో కొసని చిన్న పిడికి కడతారు. పాత్రని చంకలో ఇరికించుకుని, ఒక చేత్తో ఆ పిడి లాగి పట్టుకుని, రెండో చేత్తో నరం మీటుతారు. పిడికిలి బిగిస్తే స్వరం పైకి పాకుతుంది, సడలిస్తే కిందికి జారుతుంది. డోలుకీ తీగకీ మధ్య ఎక్కడో ఉంటుంది ఆ నాదం. మనిషి గొంతు పూడుకుపోయినప్పటి జీర దానికి సహజంగా ఉంది. తెలంగాణలో బైండ్లవాళ్ళ చేతిలో దీని తోబుట్టువు జమిడిక. కర్ణాటకలో మలప్రభ దగ్గరి సవదత్తిలో జోగమ్మలు వాయించే చౌడికె కూడా ఈ ఇంటి బిడ్డే. మూడుచోట్లా ఆ వాద్యం ఎల్లమ్మ కొలువుది. కొడుకు చేతిలో తల తెగిన తల్లి కథ చెప్పడానికి మూడు ప్రాంతాలవాళ్ళూ తాళాల్నీ సన్నాయినీ కాదని, మూలగగలిగే వాద్యాన్నే ఎందుకు పట్టుకున్నారు? ఏ పుస్తకమూ అక్కర్లేదు, ఆ నరాన్ని ఒక్కసారి వింటే సందేహం తీరుతుంది.

అదే ఉత్తరాంధ్రలో తప్పెటగుళ్ళు వినండి. గొర్రెలకాపరుల కళ. గుండ్రటి రేకు తప్పెట ఛాతీమీద వేలాడుతుంది. రెండు చేతులూ దానిమీదే. కాళ్ళకి బరువైన గజ్జెలు, మధ్యమధ్య గాల్లోకి ఎగరడం. ఇంత ఎగిరేవాడికి పొడుగాటి రాగం తీసే ఓపిక ఉండదు. పాట ముక్కలు ముక్కలుగా, కేకలు కేకలుగా వస్తుంది. అది లోపం కాదు, ఆ పాట పుట్టుకే అది.

ఒగ్గుకథకి వస్తే లెక్క తిరగబడుతుంది. డోలూ తాళాలూ కంజీరా వెనకవాళ్ళు చూసుకుంటారు కాబట్టి చాలాసేపు కథకుడి చేతులు ఖాళీగా ఉంటాయి. ఖాళీ చేతులు ఊరుకుంటాయా? తువ్వాలు నెత్తిన వేసుకుంటే ఆడబిడ్డ, తలకి చుట్టుకుంటే గొల్ల కురుమ, నడుముకి బిగిస్తే మల్లన్న. చుక్క సత్తయ్య గారు (1935–2017) నిలబడితే వేదిక మీద ఒక కుటుంబం నిలబడినట్టే ఉండేది. ఒగ్గుకథ సగం నాటకంగా పెరగడానికి కారణం ఆ డోలువాళ్ళే అంటాను నేను. బతుకమ్మ పాటకి చప్పట్లే చాలు. ఒక్కో ఊరి చప్పట్ల వరస ఒక్కో తీరు. కిన్నెరకి రెండు చేతులూ కావాలి. పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ చెప్పే దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. భీమ్లా నాయక్ సినిమాతో ఆయన గొంతు ఊరూరా మోగింది. కిన్నెర కంటే ముందు గొంతు చేరిందన్నమాట. రాయలసీమ చెక్కభజనలో చెక్కలు పట్టిన చేతులు వలయంగా తిరుగుతూ ఒక్క దెబ్బకి కలుస్తాయి. రామకథ తెలిసినవాళ్ళకి ఆ కలయిక కోసమే వినబుద్ధవుతుంది.

ఇక రేడియో. ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న మొదలయింది. అప్పట్లో అది మా చూలైకి నడిచి వెళ్ళేంత దూరంలో, ఎగ్మూరులో ఉండేది. 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రం వచ్చేదాకా కోస్తా, సీమ జిల్లాలకి తెలుగు వినిపించింది ఇక్కణ్ణించే. ఆచంట జానకిరామ్ గారు మొదట్లో ఆ తెలుగు కార్యక్రమాలు చూసేవారు. వింజమూరి అనసూయ, సీత అక్కచెల్లెళ్ళు పల్లెపాటని సభలకీ రేడియోకీ రికార్డులకీ తెచ్చారు. కృష్ణశాస్త్రి గారి మేనకోడళ్ళు. పాట నేర్పించుకోవడం, స్వరపరచడం, పుస్తకాలు వేయడం జీవితాంతం చేశారు. అనసూయ గారు 2019లో హ్యూస్టన్‌లో కన్నుమూశారు. ఆవిడ చేతిలో ఎప్పుడూ ఉండే హార్మోనియాన్ని రేడియో 1940 నుంచి 1971 దాకా స్టూడియోలోకి రానివ్వలేదన్నది వేరే కథ. ఈ కాలం వాళ్ళకి నమ్మబుద్ధి కాదు.

రేడియో మేలు చేసింది. కొంత నునుపూ చేసింది. కోత పాటకి వెనక వయొలిన్లూ తబలా చేరాయి. కొడవలి చప్పుడు పోయింది. మైకు ముందు బుద్ధిగా నిలబడి పాడితే నాట్లపాట కూడా లలితగీతమైపోతుంది. ఈ మధ్య వేదికల మీద కీబోర్డు అంత పనీ చేసి, గాయకుడి చేతులకి మైకు తప్ప ఏమీ మిగల్చడం లేదు. అది జానపదం కాదని తీర్పు చెప్పే అధికారం నాకు లేదు. నాకు మాత్రం అరగంటకే విసుగొస్తుంది.

సినిమా చేసిన పని చిత్రమైనది. 1955లో రోజులు మారాయి కోసం కొసరాజు గారు నాగలి పట్టే చేతుల పాట రాశారు. ఏరువాక పాట అంటే మీకందరికీ గుర్తొస్తుంది. మాస్టర్ వేణు సంగీతం, వహీదా రెహమాన్ ఆట. మరుసటేడు అదే వరస తమిళంలో కాలం మారిపోచ్చులో వినిపించింది. 1960లో ఎస్.డి. బర్మన్ దాన్ని బంబై కా బాబు కోసం హిందీలోకి తీసుకున్నారు. మన రైతు దుక్కి బొంబాయి దాకా సాగింది. దారిలో నాగలి మాయమైంది, ఊపు మిగిలింది.

తమిళదేశంలో స్థిరపడ్డ తెలుగువాళ్ళ పాట గురించి మనం మాట్లాడుకోవడం తక్కువ. కట్టబొమ్మన వంశపు రాజకంబళం నాయకులు దక్షిణ జిల్లాల్లో ఇప్పటికీ ఇంట్లో తెలుగు మాట్లాడతారు. వాళ్ళ దేవరాట్టంలో చేతి రుమాళ్ళు గాలిలో తిరుగుతుంటే దేవదుందుభి మోగుతుంది. ఇంకా దగ్గరగా కావాలంటే మన గుమ్మంలోకే వస్తారు. తమిళులు పూమ్ పూమ్ మాడు అనే గంగిరెద్దుని తోలుకొచ్చేవాళ్ళు ఇంటి దగ్గర మాట్లాడుకునేది తెలుగే. ఈసారి వచ్చినప్పుడు తెలుగులో పలకరించి చూడండి. బిగిసిన తోలు మీద వంకీ పుల్లని రుద్దితే వచ్చే గురగుర కాసేపు ఎక్కువ వినిపిస్తారు.

పులియంతోపు, వ్యాసార్పాడి వైపు గానా ఉంది. చావింట తెల్లవార్లూ పాడే పాట. చేతికి ఏది అందితే అదే వాద్యం: బల్ల, ఖాళీ కుండ, అగ్గిపెట్టె. డబ్బు పెట్టి వాద్యం కొనలేని చేతులు కనిపెట్టిన లయ అది. చాలాకాలం సభలవాళ్ళు దాన్ని సంగీతమనే అనుకోలేదు. 2018 జనవరి 6న కీళ్పాక్‌లో కాస్ట్‌లెస్ కలెక్టివ్ బృందం గానా గాయకుల్ని రాక్, ర్యాప్ వాళ్ళతో కలిపి వేదికెక్కించింది. మైలాపూరు సభలు మార్గళి కచేరీల్లో మునిగి ఉండే రోజులవి. వినడానికి వచ్చినవాళ్ళలో అప్పటిదాకా గానా మొహం చూడనివాళ్ళు బోలెడంతమంది.

సంక్రాంతి రోజుల్లో చెన్నై సంగమం జరిగితే తప్పకుండా వెళ్ళండి. 2007లో మొదలై, మధ్యలో ఆగి, 2023లో మళ్ళీ వచ్చింది. జిల్లాల కళాకారులు పార్కుల్లో, బీచిలో ఆడతారు, పాడతారు. టికెట్టు లేదు. స్పీకరు పెట్టెల దగ్గర నిలబడొద్దు. వాద్యం పట్టినవాళ్ళ పక్కకి జరగండి. ఆట అయ్యాక కాఫీ ఇప్పించి రెండు ప్రశ్నలు అడగండి: ఇది ఏ దేవుడికి పాడతారు, ఏ నెలలో పాడతారు. ఆ జవాబు రాసుకుని, ఆ నెలలో ఆ ఊరు వెళ్ళండి. కొమురవెల్లి మల్లన్న దగ్గర సంక్రాంతి తర్వాత మొదలై ఉగాది దాకా ఆదివారాలన్నీ జాతరే. ఒగ్గు పూజారులు రంగుల పట్నాలు వేసి పాడతారు. కారంపూడి కార్తీకంలో అని ముందే చెప్పాను. అంత దూరం కుదరదంటే వేసవిలో తిరుపతి గంగజాతర ఉంది. కోయంబేడు దాకా పోనక్కర్లేదు, మాధవరం బస్టాండులో తెల్లవారుజామున బస్సెక్కితే టిఫిన్ల వేళకి అక్కడ ఉంటారు.